సగం ధరకు సాఫ్ట్‌వేర్: పండుగ తగ్గింపు వెనుక ఉన్న లెక్క

ఏటా నవంబరు చివరి వారం నుంచి జనవరి మొదటి వారం వరకు, ప్రపంచంలోని చిన్న సాఫ్ట్‌వేర్ తయారీదారులు తమ సరుకు ధరను పావు వంతు మొదలుకొని సగం వరకు తగ్గించి అమ్మడం ఆనవాయితీగా స్థిరపడింది. అమెరికాలో నవంబరు నెల నాలుగో గురువారం జరిగే థాంక్స్‌గివింగ్ పండుగ మరునాటి శుక్రవారాన్ని అక్కడి వర్తకులు బ్లాక్ ఫ్రైడే అంటారు. దాని తరువాతి సోమవారానికి 2005లో సైబర్ మండే అన్న పేరు వచ్చి, అది ఇంటర్నెట్ అమ్మకాల రోజుగా పేరుపడింది. ఈ రెండు రోజులతో మొదలయ్యే తగ్గింపుల వరుస క్రిస్మస్, నూతన సంవత్సరం మీదుగా సాగి, తెలుగునాట సంక్రాంతి సందడి మొదలయ్యే వేళకు ముగుస్తుంది. పెద్ద కంపెనీల ప్రకటనలు అందరి కంటా పడతాయి గానీ, ఈ వరుసలో ఎక్కువ విలువైనవి స్వతంత్ర డెవలపర్ల తగ్గింపులే. పెట్టుబడిదారుల సొమ్ము గానీ పెద్ద సంస్థల అండ గానీ లేకుండా, ఒక్కరుగానో నలుగురైదుగురు కలిసో ఒక సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసి, దాని అమ్మకం మీద వచ్చే రాబడితోనే బతికేవారిని స్వతంత్ర డెవలపర్లు అంటారు.

ఈ విషయం కర్నూలు జిల్లా పడమటి ప్రాంతానికి దూరమైనదిగా తోచవచ్చు గానీ, నిజానికి చాలా దగ్గరిది. ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలలోనే కాక మద్దికెర వంటి మండల కేంద్రాలలో కూడా ఫోటో స్టూడియోలు, పెళ్లిపత్రికలు వేసే డీటీపీ కేంద్రాలు, ఎరువుల దుకాణాలు, ట్యూషన్ కేంద్రాలు కంప్యూటరు లేకుండా నడవని రోజులివి. ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి రాక దసరా ప్రాంతంలో ఊపందుకొని నవంబరు, డిసెంబరు నెలలలో జోరుగా సాగుతుంది. రైతు చేతికి డబ్బు వచ్చిన తరువాతనే చిన్న వ్యాపారి గల్లాపెట్టె నిండుతుంది కాబట్టి, సాఫ్ట్‌వేర్ ధరలు తగ్గే కాలమూ ఈ ప్రాంతపు చేతి సొమ్ము కాలమూ ఇంచుమించు ఒకటే అవుతున్నాయి. అందువల్ల ఆ తగ్గింపు ఎందుకు ఇస్తారు, అందులో ఎవరికి ఎంత దక్కుతుంది, ఏది మంచి బేరం, ఏది మాయ అన్నది తెలుసుకోవడం ఇక్కడి కొనుగోలుదారుకు ఎంతో అవసరం.

ఎమ్మిగనూరు నేర్పిన రిబేటు పాఠం

పండుగ తగ్గింపు ఈ ప్రాంతానికి కొత్త కాదు. మాచాని సోమప్ప చొరవతో 1938లో ఏర్పడిన ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం, మగ్గం మీద ఆధారపడిన కుటుంబాలకు నూలు అందించి, నేసిన సరుకును తానే అమ్మిపెట్టే ఏర్పాటుకు దేశంలోనే పేరు తెచ్చుకున్న సంస్థ. సోమప్పకు పద్మశ్రీ పురస్కారం దక్కింది కూడా. సహకార సంఘాల దుకాణాలలో, తరువాతి కాలంలో రాష్ట్ర చేనేత సహకార సంస్థ ఆప్కో దుకాణాలలో, పండుగలకు ప్రకటించే రాయితీని ప్రజలు రిబేటు అనే పిలుచుకున్నారు. రిబేటు అంటే, బట్ట మీద వేసిన ధరలో కొంత భాగాన్ని కొనేవారికి వదిలివేసి, ఆ వదిలిన మొత్తాన్ని ప్రభుత్వం సంఘానికి తిరిగి చెల్లించే పద్ధతి. కొనేవారికి తువ్వాలు, దుప్పటి చవకగా దొరుకుతాయి, సంఘం దగ్గర పేరుకున్న సరుకు కదులుతుంది, నేతగాడి కూలికి కోత పడదు; సూత్రప్రాయంగా ముగ్గురికీ మేలు జరిగే ఏర్పాటు అది.

ఆచరణలో ఈ పద్ధతికి రెండు చిక్కులు ఎదురయ్యాయి. ప్రభుత్వం చెల్లించవలసిన రిబేటు బకాయిలు ఆలస్యమైనప్పుడు సంఘాల చేతిలో పెట్టుబడి లేక మగ్గాలు ఆగేవి. రిబేటు రోజులలోనే కొనుగోళ్లన్నీ జరిగి మిగిలిన నెలలలో దుకాణాలు వెలవెలబోయేవి. ఖాదీ విషయంలో కేంద్ర ప్రభుత్వం 2010లో అమ్మకం మీద ఇచ్చే రిబేటు స్థానంలో ఉత్పత్తి విలువను బట్టి ఇచ్చే మార్కెట్ అభివృద్ధి సహాయాన్ని ప్రవేశపెట్టి, అందులో నేసేవారికీ వాటా ఏర్పరచింది. కొనేవారికి ఇచ్చే తగ్గింపు తయారుచేసేవారికి చేటు చేయకుండా చూడడమే అసలు సవాలని ఆ మార్పు చెబుతోంది.

జవళి వ్యాపారంలో మరో రకం తగ్గింపు కూడా ఉంది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి గిరాకీ పడిపోతుంది. నిల్వ ఉన్న చీరలు కదలక, వాటి మీద పెట్టిన డబ్బుకు వడ్డీ పెరుగుతూ ఉంటే, లాభం తగ్గించుకొని అయినా అమ్మడం మేలని దుకాణదారు ఆషాఢం ఆఫర్లు ప్రకటిస్తాడు. దసరా, దీపావళి రాయితీ గిరాకీ ఎక్కువగా ఉన్నప్పుడు పోటీని తట్టుకోవడానికి ఇచ్చేది. ఆషాఢ రాయితీ గిరాకీ లేనప్పుడు సరుకును వదిలించుకోవడానికి ఇచ్చేది. రెండింటిలోనూ అమ్ముడయ్యేది నిల్వ ఉన్న సరుకే. సాఫ్ట్‌వేర్‌కు నిల్వ ఉండదు, పాతబడిన చీర వలె వన్నె తగ్గే సరుకు గోదాములో పడి ఉండదు. అయినా అక్కడ తగ్గింపు ఉంది. దానికి కారణం వేరు.

ప్రతి ఎందుకు చౌక, పని ఎందుకు ఖరీదు

ఒక దుప్పటి నేయడానికి ఎంత నూలు, ఎంత శ్రమ కావాలో రెండో దుప్పటికీ అంతే కావాలి. సాఫ్ట్‌వేర్ విషయంలో మొదటి ప్రతి తయారు కావడానికి రెండు మూడేళ్ల శ్రమ పట్టవచ్చు గానీ, రెండో ప్రతికీ లక్షో ప్రతికీ అయ్యే అదనపు ఖర్చు దాదాపు శూన్యం. అర్థశాస్త్రంలో దీనిని ఉపాంత వ్యయం అంటారు. మరొక్క వస్తువును తయారుచేయడానికి కొత్తగా అయ్యే ఖర్చు అని దాని అర్థం. ఉపాంత వ్యయం లేని సరుకును ఎంత తక్కువకు అమ్మినా ఆ ఒక్క ప్రతి మీద నష్టం రాదు. కాబట్టి పూర్తి ధర పెట్టగలిగినవారి నుంచి పూర్తి ధర, పెట్టలేనివారి నుంచి వారు పెట్టగలిగినంత తీసుకోవడం తయారీదారుకు లాభదాయకం. ఎవరు ఎంత పెట్టగలరో ముఖం చూసి చెప్పడం సాధ్యం కాదు గనుక, అవసరం ఉన్నవారు ఏడాదిలో ఎప్పుడైనా పూర్తి ధరకు కొంటారనీ, ధర ముఖ్యమైనవారు పండుగ దాకా ఓపిక పడతారనీ భావించి, కాలాన్నే జల్లెడగా వాడుకోవడం పండుగ తగ్గింపులోని కీలకం.

అయితే తగ్గింపు తయారీదారుకు ఊరికే వచ్చే లాభం కాదని ఒక చిన్న లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. ఒక సాఫ్ట్‌వేర్ ధర పన్ను కాక 2,000 రూపాయలు అనుకుందాం. దానిని అమ్మిపెట్టే ఆన్‌లైన్ స్టోరు 15 శాతం తీసుకుంటే, తయారీదారుకు ప్రతి అమ్మకం మీద 1,700 రూపాయలు మిగులుతాయి. సగం ధర తగ్గిస్తే ధర 1,000 రూపాయలు, స్టోరు వాటా పోను మిగిలేది 850. అంటే మునుపటి రాబడి రావాలంటే సరిగ్గా రెట్టింపు మంది కొనాలి. పాతిక శాతమే తగ్గిస్తే 1,500 మీద 1,275 మిగులుతుంది. అప్పుడు ముగ్గురు కొనే చోట నలుగురు కొంటే చాలు. రెట్టింపు మంది కొన్నారంటే సందేహాలు అడుగుతూ, పనిచేయడం లేదని ఫిర్యాదు చేస్తూ ఉత్తరాలు రాసేవారు కూడా రెట్టింపవుతారు; ప్రతికి ఖర్చు లేదు గానీ, ఆ ప్రతిని కొన్న మనిషికి జవాబు చెప్పడానికి పట్టే సమయానికి ఖర్చు ఉంది. స్వతంత్ర డెవలపర్లలో కొందరు సగానికి బదులు పాతిక శాతం దగ్గర ఆగిపోవడానికి ఈ లెక్క ఒక కారణం. చేనేత రిబేటులో వదిలిన మొత్తాన్ని ప్రభుత్వం భర్తీ చేసేది. ఇక్కడ భర్తీ చేసేవారెవరూ లేరు, కొత్తగా వచ్చిన కొనుగోలుదారులే ఆ లోటును పూడ్చాలి.

స్టోరు తీసుకునే వాటా కూడా ఈ లెక్కను మారుస్తుంది. ఆపిల్ సంస్థ 2008లో యాప్ స్టోర్ తెరిచిన నాటి నుంచి అమ్మకపు ధరలో 30 శాతం తీసుకుంటూ వచ్చి, ఏడాదికి 10 లక్షల డాలర్ల లోపు రాబడి ఉన్న చిన్న డెవలపర్లకు 2021 జనవరి నుంచి దానిని 15 శాతానికి తగ్గించింది. గూగుల్ సంస్థ కూడా అదే ఏడాది జూలై నుంచి తన ప్లే స్టోరులో మొదటి 10 లక్షల డాలర్ల మీద 15 శాతమే తీసుకోవడం మొదలుపెట్టింది. డెవలపర్ తన సొంత వెబ్‌సైటులో అమ్మితే చెల్లింపులు చూసే సంస్థకు ఇచ్చే వాటా ఇంకా తక్కువగా ఉంటుంది. అందుకే ఒకే సాఫ్ట్‌వేర్ స్టోరులో పూర్తి ధరకు, తయారీదారు సొంత వెబ్‌సైటులో తగ్గింపు ధరకు కనిపించడం అరుదు కాదు. కొనబోయేవారు రెండు చోట్లా చూడడం మంచిది.

నమ్మకం మీద మొదలైన వ్యాపారం

స్వతంత్ర సాఫ్ట్‌వేర్‌కు 40 ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. 1982లో అమెరికాలో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ అనే సంపాదకుడు పీసీ టాక్ అనే కంప్యూటర్ సంభాషణ సాధనాన్ని, ఐబీఎం ఉద్యోగి జిమ్ నాఫ్ పీసీ ఫైల్ అనే సమాచార నిల్వ సాధనాన్ని తయారుచేసి, ఎవరైనా నకలు తీసుకొని వాడుకోవచ్చుననీ, నచ్చితే కొంత సొమ్ము పంపమనీ కోరారు. మైక్రోసాఫ్ట్‌ను వదిలి వచ్చిన బాబ్ వాలెస్ 1983లో పీసీ రైట్ అనే రాత సాధనాన్ని ఇదే పద్ధతిలో విడుదల చేసినప్పుడు, ఈ విధానానికి షేర్‌వేర్ అన్న పేరు నిలిచింది. ముందు వాడి చూసి, తరువాత డబ్బు ఇవ్వడం దీని సారం. నేడు చాలా స్వతంత్ర సాఫ్ట్‌వేర్లకు ఉండే ప్రయోగ గడువు, అంటే కొన్ని రోజులు ఉచితంగా వాడి చూసే వీలు, ఆ నమ్మకపు వ్యాపారం నుంచే వచ్చింది.

ఇంగ్లండుకు చెందిన కీత్ బ్లౌంట్ ఉదంతం ఇటువంటి డెవలపర్ల స్వభావాన్ని చక్కగా చూపుతుంది. నవల రాయాలనుకొన్న ఆయన, అధ్యాయాలను, సేకరించిన సమాచారాన్ని ఒకే చోట పెట్టుకొని అటూ ఇటూ మార్చుకోగల సాధనం దొరకక, తానే ప్రోగ్రామింగ్ నేర్చుకొని స్క్రివెనర్ అనే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసి 2007లో అమ్మకానికి పెట్టాడు. దాని ప్రయోగ గడువు 30 రోజులు. అయితే ఆ 30 రోజులు క్యాలెండరు రోజులు కావు, సాఫ్ట్‌వేర్‌ను తెరిచి వాడిన రోజులు మాత్రమే లెక్కకు వస్తాయి. వారానికి రెండు రోజులు మాత్రమే రాసుకునే తీరిక ఉన్నవారికి ఆ గడువు మూడు నెలలకు పైగా సాగుతుంది. కొనేవారి జీవితం ఎలా ఉంటుందో తయారీదారుకు తెలిసినప్పుడే ఇటువంటి నియమం పుడుతుంది.

స్క్రివెనర్, డెవన్‌థింక్, టిండర్‌బాక్స్ వంటి సాధనాల తయారీదారులు కొందరు కలిసి చలికాలంలో వింటర్‌ఫెస్ట్ పేరుతో ఉమ్మడి తగ్గింపు నడుపుతూ వచ్చారు. తమ సాఫ్ట్‌వేర్‌ను వారు చేతివృత్తి సరుకుగా వర్ణించుకోవడం, ఆ చేతివృత్తుల వారంతా కలిసి జరుపుకొనే పండుగగా ఈ అమ్మకాన్ని భావించడం గమనించదగినవి. విడివిడిగా ప్రకటనలకు డబ్బు పెట్టలేని చిన్నవారు ఒకరి కొనుగోలుదారులను మరొకరికి పరిచయం చేసుకోవడం ఇందులోని ప్రయోజనం. విడివిడి మగ్గాల వారు ఒక్క సంఘమై అమ్మకం చేపట్టిన ఎమ్మిగనూరు ఆలోచనకు ఇది దగ్గరి బంధువు. 2010 మేలో వోల్ఫైర్ గేమ్స్ అనే చిన్న సంస్థ మరికొందరితో కలిసి నడిపిన హంబుల్ ఇండీ బండిల్ ఇంకొక అడుగు ముందుకు వేసి, కొన్ని స్వతంత్ర గేమ్‌లను ఒక మూటగా కట్టి, ధరను కొనేవారికే వదిలివేసి, తాము ఇచ్చిన సొమ్ములో డెవలపర్లకు ఎంత, దాతృత్వ సంస్థలకు ఎంత అన్నది కూడా వారే నిర్ణయించుకునే వీలు కల్పించింది. ఆ ఒక్క అమ్మకం మీదనే 10 లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. ధర కొనేవారి చేతిలో పెట్టినంత మాత్రాన వ్యాపారం మునగదని దానితో రుజువైంది.

తెలుగు సాఫ్ట్‌వేర్: దానంగా వచ్చిన సంపద

తెలుగు భాషకు స్వతంత్ర డెవలపర్లు చేసిన సేవ ఎక్కువ భాగం అమ్మకంగా కాక దానంగా వచ్చింది. 1990ల తొలినాళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రూపొందించిన ఆర్‌టీఎస్, అంటే ఇంగ్లీషు అక్షరాలతో తెలుగును రాసే పద్ధతి, ప్రవాసాంధ్రులు కంప్యూటరులో తెలుగు రాసుకోవడానికి మొదటి దారి చూపింది. తిరుమల కృష్ణ దేశికాచారి రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు, వీవెన్ 2006లో అందుబాటులోకి తెచ్చిన లేఖిని అనే టైపింగ్ సాధనం, తెలుగు యూనికోడ్ వ్యాప్తికి పునాది వేశాయి. యూనికోడ్ అంటే ప్రపంచ భాషలన్నిటి అక్షరాలకూ ఒక్కొక్క స్థిరమైన సంఖ్యను కేటాయించే ప్రమాణం. ఒక కంప్యూటరులో రాసిన తెలుగు మరో కంప్యూటరులో తెలుగుగానే కనిపించడానికి అదే కారణం. 2012 ప్రాంతంలో సిలికానాంధ్ర, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సహకారంతో వెలువడిన మండలి, రామభద్ర, గిడుగు, గురజాడ, మల్లన్న వంటి యూనికోడ్ ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సు కింద ఎవరైనా ఉచితంగా వాడుకోదగినవి.

ఇందుకు భిన్నంగా, ముద్రణ రంగం చాలాకాలం అను, శ్రీలిపి వంటి డబ్బు పెట్టి కొనవలసిన సాఫ్ట్‌వేర్ల మీద నడిచింది, నేటికీ చాలా డీటీపీ కేంద్రాలు వాటి మీదే నడుస్తున్నాయి. పాత పద్ధతి ఫాంట్లతో టైపు చేసిన వ్యాసాన్ని ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు కనిపించడం ఆ పని చేసేవారందరికీ అనుభవమే. ధర భరించలేని చిన్న కేంద్రాలకు తాళం పగలగొట్టిన నకలు, అంటే వాడుకలో క్రాక్ వెర్షన్ అనేది, సులభమైన దారిగా కనిపించింది. ఆ దారిలో వచ్చే ప్రమాదం రెండు విధాలు. నకలుతో పాటు వచ్చే వైరస్ గిరాకీదారుల ఫోటోలను, ఆధార్ కాపీలను, బ్యాంకు వివరాలను బయటికి చేరవేయవచ్చు. అలాగే, నకలు అని తెలిసి తెలిసి సాఫ్ట్‌వేర్‌ను వాడడం 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షన్ కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు శిక్షకు, 50 వేల నుంచి రెండు లక్షల రూపాయల వరకు జరిమానాకు దారితీసే నేరం.

పండుగ తగ్గింపు సమాజానికి చేసే అసలు మేలు ఇక్కడే ఉంది. 2,000 రూపాయలు పెట్టలేక క్రాక్ వెర్షన్‌ను ఆశ్రయించే డీటీపీ కేంద్రం 1,000 రూపాయలకు సక్రమమైన లైసెన్సు దొరికితే తీసుకోవచ్చు. అప్పుడు తయారీదారుకు ఎన్నడూ రాని రాబడి వస్తుంది. కొన్నవారికి భయం లేని ప్రతి, తరువాతి మెరుగుదలలు, సందేహం వస్తే అడిగే హక్కు దక్కుతాయి. ధర తగ్గడం వల్ల వ్యాపారంలో నిజాయితీ పెరిగే అరుదైన సందర్భం ఇది.

కొనేముందు చూడవలసినవి

తగ్గింపు శాతం ఎంత పెద్దదైనా, తెలుగు సరిగా రాని సాఫ్ట్‌వేర్ తెలుగు డీటీపీ కేంద్రానికి పనికిరాదు. విదేశాలలో తయారైన కొన్ని డిజైన్, వీడియో, పీడీఎఫ్ సాధనాలు ఒత్తులను, గుణింతాలను విడదీసి చూపుతాయి; అక్షరానికి వత్తు రాకుండా విడిగా పొల్లు పడిపోతుంది. కాబట్టి ప్రయోగ గడువులోనే స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, జ్యోత్స్న వంటి మాటలను టైపు చేసి, తెర మీద, ముద్రణలో, పీడీఎఫ్‌లో మూడు చోట్లా సరిచూసుకోవాలి. సాఫ్ట్‌వేర్ అన్న మాట కూడా మంచి పరీక్షే: అందులో ట్ తరువాత కంటికి కనిపించని విభజన గుర్తు ఒకటి ఉంటుంది, దానిని గుర్తించని సాధనం వ ను కూడా వత్తుగా మార్చి మాటను చెడగొడుతుంది. ఆ పీడీఎఫ్‌లోని తెలుగు వాక్యాన్ని కాపీ చేసి మరో చోట అతికిస్తే అక్షరాలు చెదరకుండా వచ్చాయో లేదో కూడా చూడాలి. ఈ పరీక్షకు పది నిమిషాలు చాలు.

తరువాత చూడవలసింది లైసెన్సు స్వరూపం. ఒక్కసారి కొంటే శాశ్వతంగా వాడుకునేది ఒక రకం. దానిలో కూడా కొత్త మెరుగుదలలు ఏడాది వరకే ఉచితమా, తరువాతి పెద్ద వెర్షన్‌కు మళ్లీ డబ్బు కట్టాలా అన్నది చదివి తెలుసుకోవాలి. నెలకో ఏడాదికో చందా కట్టేది రెండో రకం. చందాలో ప్రకటించే భారీ తగ్గింపు చాలాసార్లు మొదటి ఏడాదికే పరిమితం. ఏడాదికి 3,000 రూపాయల చందా మీద మొదటి ఏడాది 60 శాతం తగ్గింపు ఇస్తే 1,200 రూపాయలే కదా అనిపిస్తుంది. మూడేళ్లకు అది 7,200 అవుతుంది. 5,000 రూపాయల శాశ్వత లైసెన్సు మీద 25 శాతమే తగ్గించినా ఖర్చు 3,750తో ముగుస్తుంది. శాతాలను పోల్చడం కంటే మూడేళ్ల మొత్తం ఖర్చును పోల్చడం తెలివైన పని.

చెల్లింపు దగ్గర ఎదురయ్యే చిక్కులు చిన్న ఊళ్ల వారిని ఎక్కువగా వెనక్కి లాగుతాయి. విదేశీ డెవలపర్ల వెబ్‌సైట్లలో చాలావరకు యూపీఐ పనిచేయదు, కార్డు అడుగుతుంది. రిజర్వు బ్యాంకు 2020లో జారీచేసిన నిబంధనల ప్రకారం కొత్త కార్డులు మొదట దేశంలోని ఏటీఎంలకు, దుకాణాల యంత్రాలకు మాత్రమే పనికివస్తాయి. ఆన్‌లైన్, అంతర్జాతీయ చెల్లింపుల వీలును బ్యాంకు యాప్‌లో ఖాతాదారే తెరుచుకోవాలి, పని అయ్యాక మూసివేయడం క్షేమం. డాలర్లలో కట్టినప్పుడు చాలా బ్యాంకులు విదేశీ మారకపు రుసుము వేస్తాయి. దానికి తోడు సాఫ్ట్‌వేర్ మీద 18 శాతం జీఎస్టీ పడవచ్చు. తెర మీద కనిపించిన ధరకూ ఖాతాలోంచి పోయిన సొమ్ముకూ తేడా రావడానికి ఇవే కారణాలు. చందా అయితే, 2021 అక్టోబరు 1 నుంచి అమలులో ఉన్న నియమాల ప్రకారం, ప్రతిసారీ సొమ్ము తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు బ్యాంకు సమాచారం పంపాలి; ఆ సందేశాన్ని చదవకుండా వదిలేస్తే, వాడని సాఫ్ట్‌వేర్‌కు కూడా డబ్బు పోతూనే ఉంటుంది.

తొందరపెట్టే ప్రకటనల విషయంలో చట్టం కొనేవారి పక్షాన ఉంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న వెలువరించిన మార్గదర్శకాలు, కొనేవారిని మభ్యపెట్టే 13 రకాల ఎత్తుగడలను గుర్తించి నిషేధించాయి. లేని తొందరను సృష్టించడం, అంటే గడువు నిజంగా ముగియకపోయినా గడియారాన్ని వెనక్కి తిప్పుతూ చూపడం, అందులో ఒకటి; చేరడం సులభంగా, మానుకోవడం కష్టంగా ఉండే చందా ఉచ్చు మరొకటి; మొదట తక్కువ ధర చూపి చివరి మెట్టులో అదనపు రుసుములు బయటపెట్టడం ఇంకొకటి. ఇటువంటి వాటి మీద జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు తెలుగులోనే ఫిర్యాదు చేయవచ్చు. సాఫ్ట్‌వేర్ ప్రతులు అయిపోయే సరుకు కాదు గనుక, కొన్ని ప్రతులే మిగిలాయని చెప్పే ప్రకటనను మొదటే అనుమానించాలి. నిజాయితీగల డెవలపర్ తగ్గింపు మొదలయ్యే తేదీనీ ముగిసే తేదీనీ స్పష్టంగా చెబుతాడు, ముగిసిన మరునాడు పాత ధరకే అమ్ముతాడు.

అడిగితే దొరికే తగ్గింపు కూడా ఉంటుంది. ఒక అమెరికన్‌కు కాఫీ ఖర్చుతో సమానమైన ధర ఇక్కడ కూలివారి దినసరి ఆదాయం కావచ్చునని గ్రహించి, దేశాన్ని బట్టి ధర నిర్ణయించే విక్రేతలు ఉన్నారు. స్టీమ్ అనే గేమ్‌ల స్టోరు 2015లో భారతదేశానికి రూపాయల ధరలు ప్రవేశపెట్టడం దీనికి ఉదాహరణ. విద్యార్థులకు, ఉపాధ్యాయులకు ఏడాది పొడవునా రాయితీ ఇచ్చే స్వతంత్ర డెవలపర్లు ఎందరో ఉన్నారు. తన పరిస్థితిని, ఆ సాధనంతో చేయదలచిన పనిని వివరిస్తూ మర్యాదగా ఒక ఉత్తరం రాస్తే, పెద్ద కంపెనీ నుంచి యంత్రం రాసిన జవాబు రావచ్చు గానీ, చిన్న సంస్థలో ఆ ఉత్తరాన్ని తయారీదారే చదివే అవకాశం ఉంది.

తెలుగు క్యాలెండరుకు ఒక చోటు

ఇంతవరకు ఈ తగ్గింపులన్నీ పాశ్చాత్య పండుగల చుట్టూ తిరుగుతున్నాయి. తెలుగు నేల మీద కూడా సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారికి కొదవ లేదు. టైపింగ్ సాధనాలు, నిఘంటువులు, పంచాంగాలు, పిల్లల పాఠాలు, దుకాణాల బిల్లింగ్ వంటి అవసరాలకు తెలుగులో నాణ్యమైన యాప్‌లు ఇంకా ఎన్నో రావలసి ఉంది. ఉచితంగా ఇచ్చినవారి త్యాగం మీదనే ఒక భాష సాంకేతిక భవిష్యత్తు ఎల్లకాలం నిలవదు. ఇచ్చినవారు ఉద్యోగాల ఒత్తిడిలో పడినప్పుడు, ఫోన్ల వ్యవస్థ మారినప్పుడు, సరిచేసేవారు లేక ఆ సాధనాలు మూలపడతాయి. సహేతుకమైన ధర, ఏటా ముందుగా ప్రకటించిన ఒకటి రెండు తగ్గింపులు, పాఠశాలలకు, గ్రంథాలయాలకు ప్రత్యేక ధర అనే ఏర్పాటు ఉంటే తయారీదారుకు నిలకడైన రాబడి, వాడేవారికి నిలకడైన సాధనం సమకూరుతాయి. ఉగాది గానీ, గిడుగు రామమూర్తి జయంతి అయిన ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం గానీ అటువంటి ఉమ్మడి అమ్మకానికి తగిన సందర్భాలు. విడివిడిగా ఎవరికీ తెలియని తయారీదారులు కలిసి ఒకే వారంలో అమ్మితే, మద్దికెరలోని ఉపాధ్యాయురాలికీ హైదరాబాదులోని విద్యార్థికీ ఆ సాధనాలన్నీ ఒకే చోట పరిచయమవుతాయి.

చేనేత రిబేటు చరిత్రను, సాఫ్ట్‌వేర్ తగ్గింపు లెక్కను పక్కపక్కన పెట్టి చూస్తే తేలేది ఒకటే. తయారుచేసేవారి కూలి నిలబడినంత వరకే తగ్గింపు మంచిది. కొనేవారు పండుగ వచ్చేదాకా ఆగడంలో తప్పు లేదు. అవసరమైనదే, పరీక్షించిన తరువాతే, సక్రమమైన ప్రతినే కొనడం వారి వంతు. తేదీలు, ధరలు, షరతులు దాచకుండా చెప్పడం అమ్మేవారి వంతు. ఈ రెండూ కలిసిన చోట సగం ధరకు జరిగిన అమ్మకం కూడా పూర్తి న్యాయమైన వ్యాపారమే అవుతుంది, మరుసటి ఏడాది ఆ సాఫ్ట్‌వేర్ ఇంకా బతికి, ఇంకా మెరుగై ఉండడానికి అదే పెట్టుబడి అవుతుంది.